వీల్‌చైర్ కొనేముందు మనిషిని కొలవండి: ఇంట్లోనే చేసుకునే పద్ధతి

"మేడమ్, నాన్నగారికి వీల్‌చైర్ కొనాలి. ఏ కంపెనీది బాగుంటుంది?"

వారానికి రెండు మూడు ఫోన్లు ఇలాంటివే వస్తాయి. "ఆయన కూర్చుంటే తుంటి దగ్గర వెడల్పు ఎంత?" అని నేను ఎదురు అడుగుతాను. "మామూలుగానే ఉంటారండి, సైజు సంగతి షాపువాళ్లు చూసుకుంటారు కదా" అంటారు. షాపువాళ్లు చూసుకోరు. చాలా షాపుల్లో తయారుగా ఉండేది 18 అంగుళాల వెడల్పు సీటు. మీరేమీ అడగకపోతే ఇంటికొచ్చేది కూడా అదే.

జాకెట్టు కుట్టించుకోవాలంటే ఆది పట్టుకెళ్తాం. చెప్పులు కొనేటప్పుడు తొడుక్కుని నాలుగడుగులు వేసి చూస్తాం. మనిషి పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చోబోయే కుర్చీని మాత్రం ఫోన్‌లో బొమ్మ చూసి కొనేస్తున్నాం.

నేను ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేస్తాను. ఒక వేసవిలో చూసిన ఇల్లు ఇంకా మర్చిపోలేదు. పక్షవాతం వచ్చిన పెద్దావిడ, డెబ్బై దాటిన మనిషి, పిట్టలా ఉంటారు. అమెరికాలో ఉన్న కూతురు ఆన్‌లైన్‌లో ఖరీదైన కుర్చీయే పంపించింది. ఆవిడ పది నిమిషాలకోసారి ముందుకు జారిపోతుంటే కోడలు తుండుగుడ్డతో నడుము దగ్గర కుర్చీకి కట్టి ఉంచింది. పడిపోతే తుంటి విరుగుతుందని ఆ పిల్ల భయం. తుండు విప్పి చూస్తే తోక ఎముక దగ్గర రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ, చేత్తో తాకితే వేడిగా ఉంది. పుండు మొదలవుతోంది. కుర్చీలో ఏ లోపమూ లేదు. సీటు లోతు, అంటే వీపు పట్టీ నుంచి మోకాలి వైపు అంచు దాకా ఉండే పొడవు, ఆవిడ తొడకు సరిపోయే దానికంటే 4 సెంటీమీటర్లు ఎక్కువ, అంతే. ఆ నాలుగు సెంటీమీటర్లు ఎక్కడ తేలాయో మూడో మెట్టు దగ్గర చెబుతాను.

ఎవరు సొంతంగా చేసుకోకూడదు

వెన్నుపాము దెబ్బతిని నడుము కింద స్పర్శ లేనివాళ్లు, ఒకేచోట బరువు పడి చర్మం చితికే ఒత్తిడి పుండు ఇప్పటికే ఉన్నవాళ్లు, వెన్ను బాగా ఒంగిపోయినవాళ్లు, కూర్చోబెడితే ఒక పక్కకు ఒరిగిపోయేవాళ్లు, సెరిబ్రల్ పాల్సీ (చిన్నతనంలోనే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేకపోవడం) ఉన్న పిల్లలు: వీళ్ల కొలతలు ఫిజియోథెరపిస్టో, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టో దగ్గరుండి తీయాలి. స్పర్శ లేని మనిషి "బాగానే ఉందండీ" అన్నా ఆ మాట మీద ఆధారపడకండి. నొప్పి తెలియదు కాబట్టే అలా అంటారు. పిల్లల విషయంలో సికింద్రాబాద్ బోయినపల్లిలో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే ఎన్ఐఈపీఐడీ వంటి జాతీయ సంస్థలో సలహా తీసుకోవచ్చు. మిగతావాళ్లు కింద చెప్పినట్టు ఇంట్లోనే కొలుచుకోవచ్చు.

దగ్గర పెట్టుకోవలసినవి

- టైలరు టేపు. ఒకవైపు అంగుళాలు, ఇంకోవైపు సెంటీమీటర్లు ఉండేది.
- చెక్క బల్ల లేదా గట్టి బెంచీ. మంచం వద్దు, సోఫా అసలే వద్దు.
- గట్టి అట్ట ఉన్న పెద్ద పుస్తకాలు రెండు. లేకపోతే రెండు చెక్క ముక్కలు.
- ఆ మనిషి రోజూ వేసుకునే చెప్పులు లేదా బూట్లు.
- కాగితం, పెన్ను, పట్టుకోవడానికి ఇంకో మనిషి.

మీరు దూరదేశంలో ఉంటే వీడియో కాల్ పెట్టి ఇక్కడివాళ్ల చేత కొలిపించండి. టేపు మీది అంకె కనబడేలా ఫోటో తీసి పంపమనండి. నోటిమాటగా చెప్పిన అంకెల్లో అంగుళాలు, సెంటీమీటర్లు కలిసిపోవడం నేను చాలాసార్లు చూశాను.

1. సరిగ్గా కూర్చోబెట్టండి

బల్ల మీద పిరుదులు పూర్తిగా వెనక్కి ఉండేలా, వీపు వీలైనంత నిటారుగా కూర్చోబెట్టండి. తుంటి, మోకాలు, చీలమండ మూడూ ఎల్ ఆకారంలో మడిచినట్టుండాలి. పాదాలు నేలకు అందకపోతే కింద పుస్తకాలు పేర్చండి. పల్చటి బట్టలు వేయండి. చీర కుచ్చిళ్లు, మడతపెట్టి కట్టిన లుంగీ రెండు మూడు సెంటీమీటర్లు అబద్ధం చెబుతాయి.

మంచం ఎందుకు వద్దంటున్నానంటే, పరుపులో మనిషి దిగిపోతాడు. పిక్క పొడవు తక్కువగా వస్తుంది, మోచేయి ఎత్తు కూడా తప్పుతుంది. నేను పని మొదలుపెట్టిన రోజుల్లో ఒకరికి ఇలాగే పరుపు మీద కొలిచి, ఫుట్‌రెస్ట్ తప్పుగా బిగించాను. మళ్లీ వెళ్లి మొత్తం విప్పి సరిచేయాల్సి వచ్చింది.

అసలు కూర్చోలేనివాళ్లయితే గట్టి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, తుంటి, మోకాళ్లు మడిచి, ఒకరు పట్టుకుంటే ఇంకొకరు అవే కొలతలు తీయండి.

2. వెడల్పు

తుంటి దగ్గర రెండువైపులా పుస్తకాలు నిలబెట్టి ఒంటికి ఆనించండి, నొక్కకండి. ఆ రెండు పుస్తకాల మధ్య దూరం కొలవండి. టేపును ఒంటి చుట్టూ తిప్పితే వచ్చేది చుట్టుకొలత ముక్క, వెడల్పు కాదు. కొందరికి తుంటి కంటే తొడలే వెడల్పుగా ఉంటాయి. ఏది ఎక్కువైతే దాన్ని రాసుకోండి.

దానికి 2.5 సెంటీమీటర్లు, అంటే అంగుళం కలపండి. అదే మీ సీటు వెడల్పు. చలికాలంలో లావు బట్టలు వేసుకునేవాళ్లకు ఇంకో సెంటీమీటరు కలుపుకోవచ్చు. అంతకు మించి వద్దు.

"కాస్త విశాలంగా ఉంటే హాయిగా ఉంటుంది కదా" అనే మాట దాదాపు ప్రతి ఇంట్లో వింటాను. అది హాయి కాదండీ. సీటు వెడల్పెక్కువైతే మనిషి ఏదో ఒక చేతి వైపు ఒరుగుతాడు. ఒరిగినవైపు పిరుదు మీద బరువంతా పడుతుంది, వెన్ను వంకర తిరుగుతుంది. సొంతంగా చక్రం తిప్పుకునేవాళ్లు చేతులు బారజాపి తిప్పాల్సివచ్చి భుజాలు నొప్పెడతాయి. మరీ ఇరుకైతే తొడల పక్కన చర్మం ఒరుసుకుపోతుంది.

సీటు సైజులు మన దగ్గర ఎక్కువగా 16, 18, 20 అంగుళాల్లో దొరుకుతాయి. అంటే సుమారు 41, 46, 51 సెంటీమీటర్లు. మీ లెక్క రెండు సైజుల మధ్యకు వస్తే పెద్దది తీసుకుని, మిగిలిన ఖాళీని రెండువైపులా సమానంగా గట్టి ఫోమ్ పెట్టి నింపండి. పెద్దావిడ తుంటి 34 సెంటీమీటర్లు. 2.5 కలిపితే 36.5. ఆవిడకు 16 అంగుళాల కుర్చీ తీసుకుని, పక్కన రెండేసి సెంటీమీటర్ల ఫోమ్ పెడితే సరిపోయేది. ఆవిడ కూర్చున్నది 18లో.

3. లోతు

అందరూ వదిలేసే కొలత ఇదే. ఎక్కువ హాని చేసేది కూడా ఇదే.

పిరుదుల వెనక పుస్తకం నిలబెట్టి, అక్కణ్నుంచి మోకాలి వెనక మడత దాకా తొడ పక్కన తిన్నగా కొలవండి. రెండు కాళ్లకూ విడివిడిగా కొలవండి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవాళ్లకు, చిన్నప్పుడు పోలియో వచ్చినవాళ్లకు ఒక కాలు పొట్టిగా ఉండొచ్చు. పొట్టి కాలి కొలతనే లెక్కలోకి తీసుకోవాలి. అందులోంచి 5 సెంటీమీటర్లు తీసేయండి. వచ్చినదే సీటు లోతు.

ఆ 5 సెంటీమీటర్లు ఎందుకంటే సీటు అంచు మోకాలి మడతకు తగలకూడదు. తగిలితే ఒళ్లు తనంతట తనే ముందుకు జరుగుతుంది. తుంటి వెనక్కి వాలిపోతుంది, వీపు గూనిలా వంగుతుంది, బరువు తోక ఎముక మీదికి వస్తుంది. జారిపోవడానికి చాలాసార్లు కారణం ఒంట్లో బలం లేకపోవడం కాదు, సీటు పొడవు. పెద్దావిడ తొడ 44 సెంటీమీటర్లు. 5 తీసేస్తే 39 లోతు కావాలి. ఆ కుర్చీ సీటు లోతు 43. తుండుగుడ్డ కట్టాల్సివచ్చిన నాలుగు సెంటీమీటర్లు అవి.

కట్టే అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. తుండు, చున్నీ, చీర ముక్క కట్టడం ప్రమాదం. మనిషి కిందికి జారితే ఆ ముడి పొట్ట మీంచి ఛాతీకి, ఛాతీ మీంచి మెడకు వస్తుంది. బెల్టు అవసరమైనవాళ్లు ఉంటారు. వాళ్లకు కూడా అది తుంటి దగ్గర, తొడల మొదట్లో పడాలి, సులువుగా ఊడే బకిల్ ఉండాలి. ముందు లోతు సరిచేసి, ఆ తర్వాత బెల్టు సంగతి చూడండి.

లోతు మరీ తక్కువైనా ఇబ్బందే. తొడకు కింద ఆధారం చాలక బరువంతా పిరుదుల మీదే పడుతుంది. అయినా ఇంట్లో వీపు వెనక ఫోమ్ పెట్టి లోతు తగ్గించుకోగలం, పెంచడం కష్టం.

4. పిక్క పొడవు

చెప్పులు వేసి, మోకాలి మడత నుంచి మడమ కింద దాకా కొలవండి. సీటు గుడ్డ నుంచి ఫుట్‌రెస్ట్ రేకు దాకా ఉండాల్సిన దూరం ఎంతంటే, ఈ కొలతలోంచి మనిషి కూర్చున్నప్పుడు అణిగిన దిండు మందం తీసేయగా మిగిలింది. పెద్దావిడకు 38 వచ్చింది. దిండు అణిగితే 5. రేకు సీటు కింద 33 దగ్గర ఉండాలి. కుర్చీ వచ్చినప్పుడు ఎలా బిగించి ఉందో అలాగే వదిలేశారు కాబట్టి ఆవిడ పాదాలు గాల్లో వేలాడుతున్నాయి. జారడానికి అది రెండో కారణం.

రేకు మరీ పైకుంటే మోకాళ్లు ఛాతీ వైపు లేస్తాయి, తొడలు దిండును వదిలేస్తాయి. ఎంత దించినా రేకుకూ నేలకూ మధ్య 5 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి, లేకపోతే గడప దగ్గరా గతుకుల దగ్గరా తగిలి కుర్చీ ముందుకు తిరగబడుతుంది. రేకును పైకి జరిపే స్క్రూ అయిపోయినా పాదం అందకపోతే, రేకు మీద చెక్క దిమ్మ గట్టిగా బిగించండి.

పక్షవాతం వచ్చి ఒక పక్క చెయ్యి, కాలు బాగున్నవాళ్లకు లెక్క వేరు. వాళ్లు బాగున్న చేత్తో చక్రం తిప్పుతూ, బాగున్న కాలితో నేలను నెట్టుకుంటూ వెళ్లగలరు. దానికి దిండుతో కలిపి సీటు ఎత్తు పిక్క పొడవంతే ఉండాలి. మామూలు కుర్చీ సీటు నేల నుంచి 49, 50 సెంటీమీటర్లు ఉంటుంది. మన అమ్మానాన్నల తరం చాలామందికి అది ఎత్తు. సీటు ఎత్తు తక్కువున్న కుర్చీ అడగండి, ఆ కాలి వైపు ఫుట్‌రెస్ట్ తీసేయండి. ఈ ఒక్క మార్పుతో, ఒకరు తోస్తేగానీ కదలని మనిషి వంటగది దాకా తనే వచ్చిన ఇళ్లున్నాయి.

5. వీపు, మోచేయి

భుజాలు వదులుగా వేసి మోచెయ్యి మడిచినప్పుడు, బల్ల నుంచి మోచేయి దాకా కొలవండి. దానికి అణిగిన దిండు మందం కలిపితే ఆర్మ్‌రెస్ట్ ఎత్తు వస్తుంది. అది ఎక్కువైతే భుజాలు చెవుల్లోకి లేస్తాయి, తక్కువైతే మనిషి దాని మీదికి వాలుతాడు. పక్షవాతం వచ్చిన చెయ్యి కిందికి వేలాడకూడదు, భుజం కీలు జారిపోతుంది. ఆ చేతి కింద వెడల్పాటి పలకో ముందు అడ్డంగా పెట్టే ట్రేనో ఉండాలి.

వీపుకు రెండు కొలతలు తీయండి. బల్ల నుంచి పక్కటెముకల కింది అంచు దాకా ఒకటి, రెక్క ఎముక కింది కొన దాకా ఒకటి. వీటికి కూడా దిండు మందం కలపాలి. సొంతంగా చక్రం తిప్పుకునే బలమైన మనిషికి వీపు పట్టీ రెక్క ఎముకకు రెండు వేళ్లు కిందే ఆగాలి. చేతులు వెనక్కి కదలాలంటే అంతే కావాలి. నడుము నిలవనివాళ్లకు ఇంకా పైదాకా ఆసరా అవసరం.

6. దిండు ముందు, కుర్చీ తర్వాత

దిండు అదనపు సామాను అనుకుని చివర్లో కొంటారు, లేదా ఇంట్లో ఉన్న దూది దిండు వేస్తారు. పై లెక్కలన్నిటిలో దిండు మందం ఎలా వస్తూనే ఉందో చూశారు కదా. అందుకే దిండు ముందే తేల్చుకోవాలి.

మడతపెట్టే కుర్చీల కింద కత్తెరలా అడ్డంగా రెండు కడ్డీలుంటాయి. 1933లో అమెరికాలో ఎవరెస్ట్, జెన్నింగ్స్ అనే ఇద్దరు ఇంజనీర్లు చేసిన ఏర్పాటు అది. ఎవరెస్ట్ గని ప్రమాదంలో నడక పోగొట్టుకున్న మనిషి. కుర్చీ కారులో పట్టాలని చేసుకున్నారు. అది మడవాలంటే సీటు గుడ్డదే అయ్యుండాలి, గుడ్డ కొన్నాళ్లకు ఊయలలా దిగుతుంది. తొడలు లోపలికి తిరిగి మోకాళ్లు ఒకదానికొకటి తగులుతాయి. దిగిన సీటు మీద ఎంత మంచి దిండు వేసినా అది కూడా దిగుతుంది. దిండు కింద సీటు కొలతకు కోసిన ప్లైవుడ్ పలక వేయండి. అంచులు గీరుకోకుండా గుండ్రంగా అరగదీయించండి. పలక మందం దిండు మందంలో కలుపుకోవడం మర్చిపోకండి.

రోజుకు రెండు మూడు గంటలు కూర్చునే, స్పర్శ బాగున్న మనిషికి గట్టి ఫోమ్ చాలు. రోజంతా కూర్చునేవాళ్లకు, స్పర్శ లేనివాళ్లకు ఒత్తిడి తగ్గించే ప్రత్యేకమైన దిండు అవసరం. గాలి గదుల దిండు, జెల్ దిండు వంటివి థెరపిస్ట్ చూసి చెప్పాలి.

మధ్యలో రంధ్రం ఉన్న గాలి ట్యూబు వద్దు. మందుల షాపులో సులువుగా దొరుకుతుంది కాబట్టి అందరూ అదే తెస్తారు. రంధ్రం చుట్టూ చర్మాన్ని అది లాగి బిగించి పట్టి, రక్తం ఆడకుండా చేస్తుంది. కమోడ్ వీల్‌చైర్‌లో రోజంతా కూర్చోబెట్టడం కూడా ఇలాంటిదే. "ఒకే కుర్చీ రెండు పనులకూ వస్తుంది" అని కొంటారు. సీటులో రంధ్రం ఉన్న కుర్చీ బాత్రూమ్ పనికి, స్నానానికి మాత్రమే.

రెక్సిన్ కవరు మన ఎండలకు చెమట పట్టిస్తుంది, జారుడుగా కూడా ఉంటుంది. సాగే పల్చటి గుడ్డ కవరు వేయండి. మూత్రం ఆపుకోలేనివాళ్లయితే రెండు కవర్లు కుట్టించి మార్చుకోండి.

7. ఎవరు తోస్తారు?

సొంతంగా తిప్పుకునేవాళ్లకు 24 అంగుళాల వెనక చక్రం, దాని పక్కన చేతి రింగు ఉండాలి. కూర్చుని చేతులు కిందికి వదిలేస్తే వేళ్ల కొసలు చక్రం ఇరుసును తాకాలి. రింగు పైభాగం పట్టుకున్నప్పుడు మోచెయ్యి లంబకోణం కంటే కాస్త ఎక్కువగా తెరుచుకోవాలి. ఎప్పుడూ ఎవరో ఒకరు తోసేవాళ్లయితే 12 అంగుళాల చిన్న చక్రాల కుర్చీ చాలు, ఇంట్లో ఇరుకు తగ్గుతుంది. కానీ రేపు కాస్త కోలుకుని తనంతట తాను కదలగలిగే అవకాశం ఉన్న మనిషికి అది కొనకండి.

రెండు కాళ్లూ తీసేసినవాళ్లకు ఒక హెచ్చరిక. ముందు బరువు లేకపోవడంతో కుర్చీ వెనక్కి పడుతుంది. వెనక ఇరుసు ఇంకా వెనక్కి బిగించాలి, లేదా వెనక పడకుండా ఆపే చిన్న చక్రాలు పెట్టించాలి.

మంచం మీంచి కుర్చీలోకి పక్కకు జరిగి మారేవాళ్లకు ఆర్మ్‌రెస్ట్ ఊడేది, ఫుట్‌రెస్ట్ పక్కకు తిరిగేది తీసుకోండి. కాస్త ధర పెరిగినా దాని విలువ మొదటి రోజే తెలుస్తుంది.

8. ఇల్లు కొలవండి

కుర్చీ మొత్తం వెడల్పు సీటు కంటే సుమారు 20 సెంటీమీటర్లు ఎక్కువ ఉంటుంది. 18 అంగుళాల కుర్చీ అంటే 65, 66 సెంటీమీటర్లు. బాత్రూమ్ తలుపు పూర్తిగా తెరిచి, తలుపు చెక్క మందం పోగా మిగిలే దారి కొలవండి. చేతులు ఒరుసుకోకుండా ఇంకో 5 సెంటీమీటర్లు ఉండాలి. మన పాత ఇళ్లలో రెండడుగుల బాత్రూమ్ తలుపులు చాలా ఉన్నాయి, వాటిలోంచి పట్టదు.

తలుపులో పట్టడం కోసం మనిషికి ఇరుకైన కుర్చీ కొనకండి. తలుపు తీసేసి తెర వేయండి. లేదా అక్కడిదాకా పెద్ద కుర్చీలో వచ్చి, లోపలికి కమోడ్ కుర్చీలో వెళ్లండి.

గడపకు రెండువైపులా చెక్కతో వాలు చేయించండి. వాకిట్లో మెట్టుంటే వాలు 1కి 12 నిష్పత్తిలో ఉండాలి, అంటే ఆరంగుళాల మెట్టుకు ఆరడుగుల పొడవు. రెండడుగుల రేకు వేసి తోస్తే ఎక్కేటప్పుడు తోసేవాళ్ల నడుము, దిగేటప్పుడు కూర్చున్నవాళ్ల ప్రాణం రెండూ ప్రమాదంలో పడతాయి.

9. కూర్చోబెట్టి చూడండి

షాపులోనైనా, ఇంటికి పార్సిల్ వచ్చాకైనా, లేబుళ్లు చింపకముందే ఈ పరీక్షలు చేయండి. దిండు, చెప్పులు అన్నీ ఉండాలి.

- తుంటికీ పక్క రేకుకూ మధ్య అరచెయ్యి నిలువుగా, తేలిగ్గా దూరాలి. పిడికిలి పడితే కుర్చీ పెద్దది. చెయ్యి దూరకపోతే చిన్నది.
- మోకాలి మడతకూ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి.
- తొడ పొడవునా దిండుకు ఆని ఉండాలి. మోకాలి దగ్గర తొడ కింద పెద్ద ఖాళీ కనిపిస్తే ఫుట్‌రెస్ట్ పైకుంది.
- పాదం మొత్తం రేకు మీద ఆనాలి, మునివేళ్లు మాత్రమే కాదు.
- ఎదురుగా నిలబడి చూస్తే రెండు భుజాలూ సమానంగా, పక్కనుంచి చూస్తే చెవి, భుజం, తుంటి దాదాపు ఒకే గీతలో ఉండాలి.
- బ్రేకులు వేసి గట్టిగా తోయండి, చక్రం కదలకూడదు.

ఇంకొక పరీక్ష ప్రపంచ ఆరోగ్య సంస్థ వీల్‌చైర్ శిక్షణలో నేర్పుతుంది. ఇంట్లోవాళ్లు నేర్చుకోవాల్సినది. ముందే చెప్పి, అనుమతి అడిగి, అరచెయ్యి పైకి ఉండేలా వేళ్లను దిండుకూ పిరుదుకూ మధ్యకు పోనిచ్చి, కూర్చునే ఎముక కింద పెట్టండి. వేళ్ల కొసలు అర సెంటీమీటరు పైకీ కిందికీ ఆడితే ఒత్తిడి భరించదగ్గదే. ఆడకపోయినా చెయ్యి తేలిగ్గా బయటికి వస్తే జాగ్రత్తపడాలి. వేళ్లు నొక్కుకుపోయి, లాగడం కష్టమైతే ఆ దిండు మీద ఆ మనిషిని కూర్చోబెట్టకండి. రెండువైపులా చూడండి. ఫోమ్ కాలంతో పాటు చచ్చిపోతుంది కాబట్టి కొన్ని నెలలకోసారి మళ్లీ చూస్తుండండి.

10. మొదటి వారం

తొలిరోజు అరగంట చాలు. దించాక తోక ఎముక, పిరుదులు, తొడల వెనక, మడమలు చూడండి. ఒత్తిడికి పడిన మరక అరగంటలో పోతే మర్నాడు కాస్త సమయం పెంచండి. పోకపోతే కూర్చోబెట్టడం ఆపి కారణం వెతకండి. మన ఒంటి రంగులో ఎరుపు సరిగ్గా కనబడదు. చుట్టుపక్కల కంటే నల్లగా, ఊదాగా ఉందా, తాకితే వేడిగా గానీ గట్టిగా గానీ ఉందా అని చేత్తో చూడాలి. ఒంటరిగా ఉండేవాళ్లు అద్దం పెట్టుకునో ఫోన్‌తో ఫోటో తీసుకునో చూసుకోవచ్చు.

కుర్చీ ఎంత సరిపోయినా పావుగంట నుంచి అరగంటకోసారి బరువు మార్చాలి. ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించడం, ఒక్కోవైపు ఒరగడం సులువు. కొద్ది క్షణాల్లో లేచిపోకుండా కాసేపు అలాగే ఉండాలి. చేయలేనివాళ్లకు మీరు చేయించాలి. ఒకటి గుర్తుంచుకోండి, కుర్చీలోంచి లేచేటప్పుడు ఫుట్‌రెస్ట్ మీద కాలు పెట్టి నిలబడనివ్వకండి. కుర్చీ ముందుకు బోల్తాపడే ప్రమాదం ఉంది.

ఇప్పటికే తప్పు సైజు కొనేసి ఉంటే

పారేయక్కర్లేదు. పెద్దావిడకు కొత్త కుర్చీ కొనలేదు మేము. సీటు కింద పలక, దాని మీద గట్టి ఫోమ్ దిండు వేశాం. వీపు వెనక, సీటు నుంచి పైదాకా 4 సెంటీమీటర్ల గట్టి ఫోమ్ బిగించాం. పక్కలకు కొలత చూసి ఫోమ్ పెట్టి, రేకులు పైకి జరిపాం. రెక్సిన్, పరుపులు కుట్టే ఆయన ఒక పూటలో అన్నీ కోసి కుట్టిచ్చారు. ఆ రోజు నుంచి తుండుగుడ్డ అవసరం పడలేదు. మచ్చ తగ్గేదాకా ఆవిడను రోజులో ఎక్కువసేపు పక్కకు తిప్పి పడుకోబెట్టమన్నాను. వీపు వెనక మెత్తటి దిండు పెట్టి సరిపెట్టకండి, అది అణిగిపోయి మళ్లీ మొదటికొస్తుంది.

ఇలా సర్దలేని కుర్చీ ఒకటే: మనిషికి ఇరుకైనది. దాన్ని మార్చుకోవాల్సిందే.

పిల్లలకు "పెరుగుతాడు కదా" అని స్కూలు యూనిఫామ్‌లా రెండు సైజులు పెద్దది కొంటారు. పెరిగేలోపు వెన్ను వంకరపోతుంది. సర్దుకునే వీలున్న కుర్చీ తీసుకుని, ఆరు నెలలకోసారి కొలిచి జరపండి. మద్రాస్ ఐఐటీలో పుట్టిన నియోమోషన్ సంస్థ నియోఫ్లై అనే కుర్చీని మనిషి కొలతలకు తగ్గట్టు చేసి ఇస్తోంది. సొంతంగా తిప్పుకుంటూ చదువుకో ఉద్యోగానికో వెళ్లేవాళ్లు అలాంటిది ఆలోచించవచ్చు.

ప్రభుత్వం ఇచ్చే కుర్చీ తీసుకునేవాళ్లకు కూడా ఈ కొలతలు పనికొస్తాయి. వైకల్య ధ్రువీకరణ పత్రం ఉన్నవాళ్లకు, వికలాంగులకు పరికరాలు ఇచ్చే కేంద్రం అడిప్ పథకం కింద, 60 దాటిన పేద వృద్ధులకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద కుర్చీలు ఇస్తారు. వయోశ్రీ 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. ఈ శిబిరాల్లో ముందు పరీక్షించి పేరు రాసుకుంటారు, కుర్చీ తర్వాత వస్తుంది. పేరు రాసుకునే రోజునే కొలతల కాగితం చూపించి సైజు రాయమని అడగండి. పంచే రోజు అడిగితే ఉన్నదే తీసుకోవాలి.

ఆ కాగితం పారేయకండి. వెడల్పు, లోతు, పిక్క, మోచేయి, వీపు, దిండు మందం, తేదీ రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి కుర్చీ వీపు వెనక జేబులో ఉంచండి. దిండు మార్చిన రోజూ, మనిషి ఒళ్లు తగ్గినట్టో పెరిగినట్టో అనిపించిన రోజూ మళ్లీ కొలిచి, పాత అంకె పక్కన కొత్తది రాయండి.